పికప్ బండి క్యామ్‌షాఫ్ట్: స్లోలో ఆడితే విశ్రాంతి కాదు (అపోహలు - వాస్తవాలు)

అపోహ: బండి నిలబెట్టి ఇంజన్‌ను స్లోలో (ఐడ్లింగ్) ఆడిస్తే దానికి విశ్రాంతి, ఆర్‌పీఎం పెరిగితేనే క్యామ్ అరుగుతుంది.

అనంతపురం పక్కన కక్కలపల్లి టమాటా మార్కెట్ దగ్గర గానీ, కర్నూలు యార్డులో ఉల్లిగడ్డల లోడింగ్ దగ్గర గానీ వరుసలో నిలబడ్డ పికప్‌లు స్లోలో ఆడుతూనే ఉంటాయి. వాల్వ్‌లను తెరిచే షాఫ్టైన క్యామ్‌కు కష్టకాలం అదే. పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్ క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అంటే ఇంజన్ 800 ఆర్‌పీఎం మీద ఆడుతుంటే క్యామ్ తిరిగేది 400 మీదే. క్యామ్ మీది ఉబ్బు (లోబ్) ముక్కు, దాని మీద ఆనుకుని వాల్వ్ వైపు తోపు అందించే ట్యాపెట్ తగిలేది సన్నటి గీతంత చోట. వాల్వ్ స్ప్రింగ్ బలమంతా ఆ గీత మీదే పడుతుంది. స్పీడు పెరిగేకొద్దీ లోబ్ ఆ సందులోకి ఎక్కువ ఆయిల్‌ను ఈడ్చుకుపోతుంది. వాల్వ్, పుష్‌రాడ్ (ట్యాపెట్ తోపును పైకి చేరవేసే కడ్డీ) కదలికలోని ఊపు స్ప్రింగ్ బలంలో కొంత మింగేస్తుంది కాబట్టి ముక్కు మీద ఒత్తిడీ తగ్గుతుంది. స్లోలో ఈ రెండు మేళ్లూ దొరకవు. పైగా క్యామ్ బ్లాకులో ఉండే పుష్‌రాడ్ ఇంజన్లలో లోబ్‌లకు చాలావరకు క్రాంక్ చిమ్మే ఆయిలే దిక్కు. స్లోలో ఆ చిమ్మడమూ తగ్గుతుంది.

అలాగని నిలబెట్టి రేజ్ చేయమని కాదు. పరిమితి దాటి తిప్పితే స్ప్రింగ్ అందుకోలేక ట్యాపెట్ లోబ్‌ను వదిలేసి, మళ్లీ వచ్చి గుద్దుకుంటుంది. లోడింగ్ ఆలస్యమైతే ఇంజన్ ఆపేయండి, అంతే. టర్బో బండి ఘాట్ ఎక్కి వచ్చాక ఒకటి రెండు నిమిషాలు స్లోలో ఉంచి ఆపడం మాత్రం అవసరమే. గువ్వలచెరువు ఘాట్‌లో లోడుతో ఎక్కేటప్పుడు 1200 మీద యాక్సిలరేటర్ తొక్కిపట్టి పై గేరులోనే లాగించొద్దు. ఆయిల్ పంపు నెమ్మదిగా తిరిగే ఆ సమయంలోనే బేరింగుల మీద బరువంతా పడుతుంది. గేరు దించండి.

అపోహ: కొత్త క్యామ్ వేశాక కాసేపు స్లోలో ఆడించి సెట్ చేయాలి.

ఎక్కువ క్యామ్‌లు పోయేది ఇక్కడే. మొదటి అరగంటలో చేసిన తప్పును తర్వాత ఏ ఆయిలూ సరిచేయలేదు. అడుగున చక్రం ఉన్న రోలర్ ట్యాపెట్ అయితే ఈ బాధ లేదు. అడుగు చదునుగా ఉండే ఫ్లాట్ ట్యాపెట్ అయితే వరుస ఇది. కొత్త క్యామ్‌తో పాత ట్యాపెట్లు వేయకూడదు. పాత క్యామే ఉంచితే ఏ ట్యాపెట్ ఏ లోబ్‌దో గుర్తు పెట్టి అక్కడికే తిరిగి వేయాలి. లోబ్‌లకు, ట్యాపెట్ అడుగుకు మాలీ పేస్టు (చిక్కటి కందెన), జర్నల్స్‌కు (షాఫ్ట్ బేరింగుల్లో కూర్చునే చోట్లకు) ఇంజన్ ఆయిల్ పూయాలి. ఫిల్టర్ నిలువుగా బిగించేదైతే ఆయిల్ నింపి బిగించాలి. ఇంధనం కట్ చేసి, ఆయిల్ లైట్ ఆరేదాకా 10 సెకన్ల చొప్పున ఆగి ఆగి సెల్ఫ్ కొట్టాలి. కానీ ఈ సెల్ఫ్ కొట్టడమూ లోబ్‌లకు నెమ్మది తిరుగుడే, అతిగా చేయొద్దు. స్టార్ట్ అయిన వెంటనే 1500కు తీసుకెళ్లి, 1500 - 2500 మధ్య మారుస్తూ 20 నిమిషాలు ఉంచాలి. ఆ సమయంలో ట్యూనింగ్ చేస్తూ స్లోకు దించొద్దు. నీళ్లు కారితే ఇంజన్ ఆపి, సరిచేసి, మిగిలిన నిమిషాలు పూర్తి చేయండి. ఆ పేస్టు, లోహపు పొడి లోపల తిరగకుండా ఆయిల్, ఫిల్టర్ వెంటనే మార్చేయండి.

వాల్వ్ కవర్ తీసి చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది. ఫ్లాట్ ట్యాపెట్ నిలబడిన చోటే ఉండదు, లోబ్ దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతుంది. దాంతో పాటు పుష్‌రాడ్ కూడా తిరుగుతుంది. దాని మీద మార్కర్‌తో చిన్న గీత గీయండి. మిగతా గీతలన్నీ కదులుతుంటే ఒకటి మాత్రం కదలకుండా నిలబడితే, అక్కడ లోబ్ అరగడం మొదలైందని అనుమానించాలి.

అపోహ: ఆయిల్ లైట్ ఆరింది, ఇక భయం లేదు.

చాలా బళ్లలో ఆ లైట్ స్విచ్, ఆయిల్ ఒత్తిడి అర బార్ దగ్గరకు రాగానే లైట్ ఆర్పేస్తుంది. లోబ్ దాకా ఆయిల్ చేరిందో లేదో అది చెప్పదు. హెడ్ దించి బిగించాక పైన ఆయిల్ రాకపోతే గ్యాస్కెట్ సీలెంట్‌నూ అనుమానించాలి. దట్టంగా పూస్తే బయటికి పొంగినది కంటికి కనబడుతుంది, లోపలికి పొంగినది ఊడి ఛాంబర్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి)లోని స్ట్రైనర్ జాలీకి అంటుకుంటుంది. అగ్గిపుల్ల మందాన పూస్తే చాలు. వాల్వ్‌లను నొక్కే రాకర్లను మోసే రాకర్ షాఫ్ట్ రంధ్రాలు బిగించే ముందే తీగతో, గాలితో శుభ్రం చేయాలి.

అపోహ: మన ఎండలకు చిక్కటి ఆయిల్ పోయాలి.

ఇంజన్ వేడిని చూసుకునేది థర్మోస్టాట్, ఎండ కాదు. కంపెనీ 15W-40 (ఆయిల్ చిక్కదనం గ్రేడు) చెబితే మే నెల కర్నూలులోనూ అదే పోయండి. 20W-50 పొద్దున చల్లగా ఉన్నప్పుడు లోబ్‌ల దాకా ఆలస్యంగా చేరుతుంది. పాత డీజిల్ బండికి CI-4 తరగతి ఆయిల్ మంచిది, దాని జింక్, ఫాస్ఫరస్ లోబ్‌ను కాపాడతాయి. పెట్రోల్ కార్ల ఆయిల్ పోయొద్దు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బళ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంటే తక్కువ బూడిద ఆయిలే వాడాలి.

ఈ బళ్లలోనే ఇంకో ముప్పు ఉంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకుండా పెరుగుతూ ఉంటే సంతోషించొద్దు. డీపీఎఫ్ పట్టిన మసిని కాల్చుకునే పని మధ్యలో ఆగిపోయినప్పుడల్లా డీజిల్ ఆయిల్‌లోకి దిగి దాన్ని పల్చన చేస్తుంది. గరిష్ఠ గీత దాటితే కిలోమీటర్లు చూడకుండా మార్చేయండి.

అపోహ: ట్యాపెట్ సౌండ్ వస్తే క్లియరెన్స్ బిగిస్తే సరి.

ఒకసారి బిగిస్తే అన్నీ సమంగా నిలబడితే సరే. ఒకే వాల్వ్ దగ్గర పదేపదే సందు పెరుగుతుంటే లోబ్ తరిగిపోతోంది. ఆ పుష్‌రాడ్ తల మీద డయల్ గేజ్ పెట్టి, ఇంజన్‌ను చేత్తో తిప్పి ఎంత లేస్తుందో రాసుకోండి. అదే రకం వాల్వ్‌లతో పోల్చండి, ఇన్‌టేక్‌ను ఇన్‌టేక్‌తో, ఎగ్జాస్ట్‌ను ఎగ్జాస్ట్‌తో. ఒకటి తక్కువ లేస్తే ఆయిల్ ఫిల్టర్ కోసి మడతల్లో మెరిసే పొడి ఉందేమో చూడండి. ఉంటే క్యామ్, ట్యాపెట్లు రెండూ మార్చాల్సిందే.