పోలీసు శాఖ నుంచి ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్ దాకా: సిరొంచ వైపు నుంచి ఒక నేపథ్యం

విదర్భ దక్షిణపు కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి ఆనుకొని ఉన్న సిరొంచ తాలూకాలో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, కచేరీలో రాసేది మరాఠీ. 1860లో నిజాం నుంచి బ్రిటిష్ వారి చేతికి వచ్చిన ఈ ఊరు కొంతకాలం ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రంగా ఉండి, 1874లో చాందా జిల్లాలో కలిసింది. 1956లో మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చి, 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుంచి విడివడిన గడ్చిరోలి జిల్లాలో భాగమయింది. ఇన్ని సరిహద్దులు మారినా, అంకీసలోనో ఆసరెల్లిలోనో కొట్లాట జరిగి కేసు అయితే సాక్షి నోటి నుంచి వచ్చే మాట మాత్రం ఇప్పటికీ తెలుగే. ఆ మాటను కోర్టులో నిలబెట్టవలసిన మనిషి సర్కారీ వకీలు. అతను ఎవరి అజమాయిషీలో పనిచేయాలి, అతనికి పని ఎవరు నేర్పాలి అన్న వివాదం ఈ దేశంలో చాలా పాతది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ప్రతి జిల్లాలోనూ ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్, అంటే సర్కారు తరఫున నేరాల కేసులు నడిపే పనిని పర్యవేక్షించే కార్యాలయం, ఏర్పాటుకు వీలు కల్పించింది కనుక, ఆ వివాదం ఇక్కడిదాకా ఎలా వచ్చిందో సరిహద్దు తాలూకాల వారు తెలుసుకోవలసిన సమయం ఇదే.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కాలంలో, పెద్ద నేరాలను విచారించే సెషన్స్ కోర్టులో సర్కారు తరఫున వాదించేందుకు పబ్లిక్ ప్రాసిక్యూటరు ఉండేవాడు. మేజిస్ట్రేటు కోర్టుల్లో ఆ పని ఎక్కువగా పోలీసు శాఖ మనుషులదే. పోలీసు ప్రాసిక్యూటర్లు అని పిలిచే వీరు ఆ శాఖ జీతం తీసుకునేవారు, ఆ శాఖ పెద్దలకే జవాబు చెప్పుకునేవారు. నేరాన్ని దర్యాప్తు చేసిన శాఖే దర్యాప్తు సరిగా జరిగిందని కోర్టులో వాదించేది. సాక్ష్యం చాలదని తెలిసినా ఆ మాట పైఅధికారితో అనగలిగే స్థితి ఆ ప్రాసిక్యూటరుకు ఉండేది కాదు. మామూలు జనం ముఖం చూసేది మేజిస్ట్రేటు కోర్టునే కనుక, ఈ ఏర్పాటు వల్ల జరిగిన నష్టం చాలావరకు వారికే జరిగింది.

దీన్ని మార్చాలని 1958లో, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ తన 14వ నివేదికలో గట్టిగా చెప్పింది. ఎం.సి. సెతల్వాడ్ అధ్యక్షతన వచ్చిన ఆ నివేదిక ప్రాసిక్యూషన్‌ను పోలీసు శాఖ నుంచి వేరుచేసి, దానికంటూ ఒక డైరెక్టరును నియమించాలని సూచించింది. సూచనలో ఒక సగం మాత్రమే 1973 నాటి కొత్త కోడ్‌లోకి వచ్చింది. 1974 ఏప్రిల్ 1 నుంచి అమలయిన ఆ కోడ్ 25వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు కోర్టులకు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లను, అంటే మనం ఏపీపీలనే వారిని, నియమించాలి. పోలీసు అధికారిని ఏపీపీగా పెట్టకూడదు; ఎవరూ దొరకని పక్షంలో పెట్టవలసి వచ్చినా అతను ఆ కేసు దర్యాప్తులో పాల్గొని ఉండకూడదు, ఇన్‌స్పెక్టరు కంటే తక్కువ హోదా వాడై ఉండకూడదు. డైరెక్టరు ఊసు మాత్రం ఆ చట్టంలో లేదు. ఏపీపీలు ఎవరి కింద ఉండాలో చెప్పకపోవడం వల్ల వచ్చిన చిక్కు మహారాష్ట్రలోనే బయటపడింది.

కొత్త కోడ్ రాగానే ఈ రాష్ట్రంలో పోలీసు ప్రాసిక్యూటర్లుగా ఉన్నవారినే ఏపీపీలుగా నియమించారు. పేరు మారిందే గానీ అజమాయిషీ, క్రమశిక్షణ చర్యలు తీసుకునే అధికారం పోలీసు శాఖ చేతిలోనే ఉండిపోయాయి. ఆ ఏపీపీలే న్యాయపోరాటానికి దిగారు. షహానే కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెబుతూ, ఏపీపీలను పోలీసు శాఖ అదుపు నుంచి పూర్తిగా తప్పించాలని, వారికి వేరే కేడరును, వేరే శాఖను ఏర్పరచి, ఆ శాఖాధిపతి నేరుగా రాష్ట్ర ప్రభుత్వానికే జవాబుదారీగా ఉండేలా చూడాలని మహారాష్ట్రను ఆదేశించింది. దానికి ముందు ఏడాది, 1994లో, మహారాష్ట్రదే మరొక కేసులో అదే కోర్టు, పబ్లిక్ ప్రాసిక్యూటరు దర్యాప్తు సంస్థలో భాగం కాదని, పోలీసులు పంపిన కాగితాన్ని అలాగే కోర్టుకు చేరవేయడం అతని పని కాదని స్పష్టం చేసింది. దేశమంతటికీ దారి చూపిన ఈ రెండు తీర్పులూ మన రాష్ట్రపు కేసుల్లోనే వచ్చాయని సిరొంచలో ఎంతమందికి తెలుసో గానీ, తెలియవలసిన సంగతే.

ఇక డైరెక్టరు ఎవరై ఉండాలన్న దానిపై వాదన సాగింది. నేర న్యాయ వ్యవస్థ సంస్కరణలపై 2003లో నివేదిక ఇచ్చిన జస్టిస్ మలిమత్ కమిటీ, అడ్వకేట్ జనరల్‌ను సంప్రదించి డీజీపీ హోదా గల పోలీసు అధికారిని ఆ పదవిలో పెట్టాలంది. పోలీసుల నుంచి ఇంత కష్టపడి విడదీసిన దాన్ని తిరిగి పోలీసుల చేతికే ఇవ్వడం సరి కాదన్నదే నా అభిప్రాయం. పార్లమెంటు కూడా ఆ దారి పట్టలేదు. 2005 నాటి సవరణతో వచ్చి 2006 జూన్ 23న అమలయిన, 1973 కోడ్‌లోని 25-ఏ సెక్షన్, డైరెక్టరు పదేళ్లు వకీలుగా పనిచేసి ఉండాలని, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సమ్మతితోనే నియామకం జరగాలని చెప్పింది. అదే 2006లో జస్టిస్ ఎం. జగన్నాధరావు అధ్యక్షతన లా కమిషన్ తన 197వ నివేదికను పూర్తిగా పబ్లిక్ ప్రాసిక్యూటర్ల నియామకానికే కేటాయించి, వారి స్వతంత్రతను కాపాడవలసిన అవసరాన్ని వివరించింది. కొత్త సంహితలోని 20వ సెక్షన్ డైరెక్టరుకు, డిప్యూటీ డైరెక్టరుకు 15 ఏళ్ల వకీలు అనుభవం గానీ సెషన్స్ జడ్జిగా పనిచేసిన అర్హత గానీ ఉండాలంటూ స్థాయిని పెంచింది. ప్రధాన న్యాయమూర్తి సమ్మతి అన్న షరతును మాత్రం తీసేసింది. డైరెక్టరేట్ హోం శాఖ పాలనలో ఉంటుంది, పోలీసులదీ హోం శాఖే. రెంటి మధ్యా నిలిచిన ఒక అడ్డుగోడ అలా తొలగిపోవడం నాకు ఆందోళన కలిగించే విషయం.

పని పంపకంలో మాత్రం కొత్త చట్టం మునుపటి కంటే స్పష్టంగా ఉంది. పదేళ్లు, అంతకు మించిన శిక్ష పడే నేరాల కేసులను డైరెక్టరు గమనిస్తుండాలి. ఏడేళ్ల నుంచి పదేళ్ల లోపు శిక్ష పడే కేసులను డిప్యూటీ డైరెక్టరు, ఏడేళ్ల లోపు వాటిని అసిస్టెంట్ డైరెక్టరు చూసుకోవాలి. పోలీసు నివేదికను పరిశీలించడం డిప్యూటీ డైరెక్టరు బాధ్యత. మహారాష్ట్రలో ఇంకో మెలిక ఉంది. మేజిస్ట్రేటు కోర్టుల ఏపీపీలు రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి హోం శాఖలోని డైరెక్టరేట్ ఉద్యోగులుగా వస్తారు. జిల్లా సెషన్స్ కోర్టులో వాదించే సర్కారీ వకీళ్లను 1984 నాటి న్యాయాధికారుల నియమాల ప్రకారం న్యాయ శాఖ కొంత కాలానికని నియమిస్తుంది. ఒకే నేరపు కేసు కింది కోర్టులో ఒక శాఖ మనిషి చేతిలో మొదలై, పై కోర్టులో మరో శాఖ మనిషి చేతికి వెళ్తుంది.

ఇంత చరిత్రలో శిక్షణ అన్న మాట ఎక్కడుందని వెతికితే ఆశ్చర్యం కలుగుతుంది. 25-ఏలో అది లేదు. కొత్త 20వ సెక్షన్‌లోనూ లేదు. పోలీసు నివేదికను పరిశీలించడం, కేసులను గమనించడం, త్వరపెట్టడం, అప్పీలుపై అభిప్రాయం చెప్పడం, ఇవే కొత్త చట్టం రాసిన విధులు. ప్రాసిక్యూటర్లకు పని నేర్పడం రాష్ట్రాల బాధ్యత అని గట్టిగా చెప్పింది 2014 జనవరి 7 నాటి సుప్రీంకోర్టు తీర్పు. గుజరాత్‌లో ఆరేళ్ల పాపను చెరిచి చంపిన కేసులో, దర్యాప్తులోనూ ప్రాసిక్యూషన్‌లోనూ జరిగిన లోపాల వల్ల నిందితుణ్ణి నిర్దోషిగా వదలవలసి వచ్చినప్పుడు, న్యాయమూర్తులు తమ బాధను దాచుకోలేదు. నిందితులు విడుదలైన ప్రతి కేసునూ పరిశీలించాలని, ఎక్కడ తప్పు జరిగిందో తేల్చాలని, ఆ తప్పులనే పాఠాలుగా చేర్చి దర్యాప్తు, ప్రాసిక్యూషన్ అధికారులకు శిక్షణ ఇవ్వాలని, ఆ పాఠాలను ఏటా సవరిస్తుండాలని అన్ని రాష్ట్రాల హోం శాఖలనూ ఆదేశించారు. ఓడిన కేసే పాఠ్యపుస్తకం కావాలన్న ఈ ఆలోచన నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. దీన్ని నిజంగా పాటిస్తే సిరొంచలో ఓడిన కేసు నుంచి నేర్చుకోవలసింది నాగపూర్‌లోనో ముంబయిలోనో ఓడిన కేసు నుంచి నేర్చుకునేది కాదు. ఇక్కడి పాఠాల్లో భాష మొదటిది.

పోలీసు స్టేషన్‌లో సాక్షి చెప్పిన మాటను అధికారి మరాఠీలో రాసుకుంటాడు. చట్టం ప్రకారం ఆ వాంగ్మూలంపై సాక్షి సంతకం ఉండకూడదు. బలవంతపు సంతకాల నుంచి కాపాడేందుకు పెట్టిన మంచి నియమమే అది. దానివల్ల తెలుగు సాక్షి తన మాట మరాఠీలో ఎలా పడిందో సరిచూసుకునే సందర్భం కూడా లేకుండా పోతుంది. ఏళ్ల తర్వాత కోర్టులో అతను మళ్లీ తెలుగులో చెబుతాడు, అది మళ్లీ మరాఠీలోకి మారుతుంది. రెండు కాగితాలకూ పొంతన కుదరకపోతే డిఫెన్సు వకీలు దాన్ని వైరుధ్యంగా చూపిస్తాడు, చూపించడం అతని హక్కు.

పార అన్న మాటనే తీసుకోండి. తెలుగులో పార మట్టి తీసే పనిముట్టు, మరాఠీలో దాన్ని ఫావడే అంటారు. మరాఠీలో పహార్ అంటే మన గడ్డపార. సాక్షి పారతో కొట్టాడంటే వినేవాడు పహార్ అని రాసుకోవడానికి ఎంతో అవకాశం ఉంది. అప్పుడు వాంగ్మూలంలో గడ్డపార, పంచనామాలో పార, డాక్టరు కాగితంలో వెడల్పాటి అంచుతో తెగిన గాయం ఉంటాయి. జరిగింది ఒకటే అయినా కోర్టు ముందు ఆయుధాలు రెండవుతాయి. బావ అన్న మాటా అంతే. అక్క మొగుడూ, మొగుడి అన్నా, మేనత్త కొడుకూ మనకు బావలే, మరాఠీలో మాత్రం వరసకో మాట ఉంది. ఇల్లు ఎవరిది, పగ ఎవరికి అన్నదే కీలకమైన కేసులో ఏ బావ అని అడగకుండా రాసుకుంటే కథే మారిపోతుంది. మొన్న అని మనం నాలుగు రోజుల కిందటి దాన్నీ అంటాం, పది రోజుల కిందటి దాన్నీ అంటాం. కాగితం మీద అది సరిగ్గా నిన్నటికి ముందు రోజు అయిపోతే ఘటన తేదీ తప్పుతుంది.

సాక్షి తెలుగులో చెప్పిన సాక్ష్యాన్ని వీలైతే తెలుగులోనే రాయాలని, వీలుకానప్పుడు కోర్టు భాషలో సరైన అనువాదం తయారుచేయాలని చట్టం ఎప్పటి నుంచో చెబుతూనే ఉంది. ఆ నియమాన్ని గుర్తుచేసి అడగవలసింది సర్కారీ వకీలే. అలా అడగాలని, ఆ బావ ఎవరో తొలి ప్రశ్నలోనే తేల్చుకోవాలని అతనికి ఎవరైనా నేర్పి ఉండాలి. దూర ప్రాంతం నుంచి బదిలీపై వచ్చి, సాక్షిని కోర్టు వరండాలో మొదటిసారి చూసే ఏపీపీ ఈ సంగతి తనంతట తాను గ్రహించాలనుకోవడం అతనికీ అన్యాయమే. సెషన్స్ కేసు కోసం అడవి దారిన చాలా దూరం ప్రయాణించి, కూలి పోగొట్టుకొని కోర్టుకు వెళ్లిన సాక్షి, ఒక మాట తేడాతో అబద్ధాలకోరు అనిపించుకొని తిరిగి రావడం అంతకంటే పెద్ద అన్యాయం.

పోలీసు నివేదికను పరిశీలించే అధికారం డిప్యూటీ డైరెక్టరుకు వచ్చింది కనుక ఈ తప్పులను ముందే పట్టుకునే వీలు ఇప్పుడుంది. దర్యాప్తు వేరు, ప్రాసిక్యూషన్ వేరు, ఒకరి పనిలో మరొకరు తలదూర్చకూడదు అని సుప్రీంకోర్టు 2000లో ఒక తమిళనాడు కేసులో గీసిన గీత అలాగే ఉంది. వాంగ్మూలంలో ఏం ఉండాలో డైరెక్టరేట్ చెప్పకూడదు, చెప్పనక్కరలేదు కూడా. సాక్షి మాటను ఆడియో, వీడియోల్లో రికార్డు చేయవచ్చని 2009 చివరి నుంచే చట్టంలో ఉంది, కొత్త సంహిత దాన్ని కొనసాగించింది. తెలుగు సాక్షి విషయంలో ఆ రికార్డును తప్పనిసరి అలవాటుగా చేసుకోమని పోలీసులను కోరవచ్చు. జిల్లా డైరెక్టరేట్‌లో తెలుగు, గోండీ తెలిసిన ఒక్క మనిషిని పెట్టి, ఆ రికార్డునూ మరాఠీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. సిరొంచ, అహేరి కోర్టులకు వచ్చే ఏపీపీకి మొదటి నెలలోనే ఈ పని చేయించాలి. సాక్షి తన గొంతుతో పార అన్నది అతను విని ఉంటే, కాగితం మీది పహార్ దగ్గర తప్పక ఆగుతాడు.