“చచ్చిన పగడమే కదరా, ఒక ముక్క అట్టుకొస్తే ఏటవుద్ది?” - అండమాన్ దీవుల మీద మనోళ్ల అపోహలు, వాస్తవాలు

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర. మా వైపు నుంచి చాలామంది పోర్ట్‌బ్లెయిర్‌కి పనికెళ్లినోళ్లే, ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా నోటికింకా పాతదే వస్తుంది. నేను తొమ్మిదేళ్లుగా వండూర్ జెట్టీ నుంచి జాలీ బాయ్ దీవికి వెళ్లే బోట్‌లో గైడ్‌ని. సంక్రాంతికి ఊరొస్తే అందరూ అక్కడి పగడాలు, దీవుల గురించి అవే ప్రశ్నలు అడుగుతారు, అందుకే రాస్తున్నా.

అపోహ: పగడం అంటే రాయి.

కాదు, ప్రాణమున్న జంతువు. ఆవగింజంత జీవులు వేలకి వేలు కలిసి కట్టుకున్న సున్నపు ఇల్లు అది. ఆ రంగు చాలావరకు వాటి ఒంట్లో ఉండే సన్న నాచుది, వాటికి తిండి పెట్టేది కూడా ఎక్కువగా ఆ నాచే. నీళ్లు మామూలు ఎండాకాలం కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ కాగి కొన్ని వారాలు అలాగే ఉంటే నాచు బయటకి పోయి పగడం తెల్లగా పాలిపోద్ది, 2010లో అండమాన్‌లో పెద్ద ఎత్తున ఇదే అయింది. తెల్లబడిందంటే చచ్చిందని కాదు, నీళ్లు బేగి చల్లబడితే తేరుకుంటుంది. గుండులా ఉండే రకాలు ఏడాదికి సెంటీమీటరు పెరగడమే కష్టం, అలాంటిదాని మీద ఫొటో కోసం ఎక్కి నిలబడతారు, చూస్తే కడుపు రగిలిపోద్ది నాకు.

(మా పిన్ని ఉంగరంలో ఎర్ర పగడం వేరే జాతి, మధ్యధరా సముద్రం వైపు దొరికేది.)

అపోహ: చచ్చిన ముక్క తెచ్చుకుంటే తప్పులేదు.

ఇదే ఎక్కువమంది అడిగేది. పిల్ల పగడాలు నీళ్లలో కొట్టుకొచ్చి అతుక్కోడానికి గట్టి చోటు కావాలి, ఆ చచ్చిన ముక్కే ఆ చోటు. పైగా 1972 వన్యప్రాణి చట్టంలో పగడం మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులి ఉన్న షెడ్యూలే, చచ్చిన ముక్క బ్యాగులో దొరికినా కేసే. ఒకసారి టెక్కలి నుంచి వచ్చిన ఫ్యామిలీలో చిన్న గుంటడు జెట్టీ దిగాక గుప్పిట విప్పాడు, వేలెడంత ముక్క, దాని సందులో గోరంత పీత ఇంకా కాళ్లాడిస్తోంది. వాళ్లమ్మ “బోటు వెనక్కి తిప్పండి బాబూ” అని ఒకటే బతిమాలడం. టైమ్ అయిపోయింది, తిప్పలేకపోయాం.

అపోహ: చేపలకి మరమరాలు, బిస్కెట్లు వేస్తే పుణ్యం.

చిలక చేప పగడాల మీద నాచుని కరకరా గీకి తింటుంది, నీళ్లలో తల ముంచితే ఆ చప్పుడు వినబడుతుంది కూడా. బిస్కెట్లకి అలవాటుపడి బోట్ల చుట్టూ తిరిగితే ఆ నాచు పెరిగి పగడాన్ని కప్పేస్తుంది.

అపోహ: దీవులు మూసి మా పొట్ట కొడుతున్నారు.

ఈ దీవులన్నీ మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులోవి, 1983లో పెట్టిన పార్కు, 15 దీవులు, టూరిస్టులకి తెరిచేది జాలీ బాయ్, రెడ్ స్కిన్ రెండే, అదీ వంతులవారీగా. ఒకటి తెరిస్తే ఇంకోదానికి రెస్టు. ప్లాస్టిక్ బాటిల్ దీవి మీదకి రానివ్వరు. నా కూలి ఈ పగడాల మీదే నడుస్తుంది, అవి పోతే బోటెక్కేదెవరు?

అపోహ: ఇలాంటివి అక్కడే, మన దగ్గరేముంది.

జనవరి నుంచి మార్చి దాకా మన బారువ, కళింగపట్నం ఒడ్డుకి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికొస్తాయి, ఒక్కోటి వంద దాకా. రాత్రి కనబడితే టార్చి ఆపేయండి, ఫ్లాష్ కొట్టొద్దు, అది గుంత పూడ్చి నీళ్లలోకి దిగేదాకా వెనక వైపు దూరంగా నిలబడండి.