ఈ ప్యాకేజీ ఎవరి మెషిన్ మీద తయారైంది?

దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి ఓ అర సెకను ఎక్కువ పడుతోంది. అంతే. ఇంకెవరైనా అయితే నెట్ స్లోగా ఉందనుకుని వదిలేసేవారు. మైక్రోసాఫ్ట్‌లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ మాత్రం తన డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) మెషిన్‌లో తవ్వుకుంటూ పోయి, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని 2024 మార్చి 29న బయటపెట్టాడు. ఈ కథ చాలామంది వినే ఉంటారు. పెద్దగా ఎవరూ మాట్లాడుకోని ముక్క ఒకటుంది. ఆ దొంగ కోడు మీరు ఇంట్లో మామూలుగా కంపైల్ చేసుకుంటే, అంటే సోర్స్ కోడుని నడిచే ప్రోగ్రాముగా మార్చుకుంటే, నిద్రలేవదు. నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునే డెబియన్ ప్యాకేజీగానో, ఫెడోరా లాంటి లినక్స్‌లు వాడే ఆర్‌పీఎం ప్యాకేజీగానో బిల్డ్ అవుతోందా అని ముందు చూసుకుంటుంది, అవునని తేలితేనే లోపలికి దూరుతుంది. అంటే మనిషి కూర్చోకుండానే రాత్రీపగలూ ప్యాకేజీలు తయారుచేసే బిల్డ్ మెషిన్ల మీదే గురి.

ఆ మెషిన్లు వచ్చిందేమో ప్యాకేజీని మనిషి చేతిలోంచి తప్పించడానికి!

1993లో ఇయన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టినప్పుడు పద్ధతి చాలా సింపుల్. ఒక్కో ప్యాకేజీకి దాని బాగోగులు చూసే ఒక మెయింటెయినర్ ఉంటాడు, తన సొంత పీసీ మీద కంపైల్ చేస్తాడు, వచ్చిన డెబ్ ఫైల్‌ని, అంటే ప్యాకేజీని, సర్వర్‌కి ఎక్కిస్తాడు, ప్రపంచమంతా అదే దించుకుంటుంది. ఆయన పీసీలో ఏ లైబ్రరీలున్నాయో, ఎప్పుడో సరదాకి వేసుకున్న పాత హెడర్ ఫైల్ ఏదైనా మూల దాక్కుని ఉందో ఎవరికీ తెలీదు. ఇది ఆ రోజుల జబ్బే అనుకోకండి. నేను పనిచేసిన ఒక ఆఫీసులో రిలీజ్ బిల్డ్ అంతా ఒకాయన డెస్క్ కింద ఉన్న సీపీయూలోనే జరిగేది. ఆయన పెళ్లికని సెలవు పెట్టి, పోతూ పోతూ అలవాటుగా పవర్ ఆఫ్ చేసి వెళ్లాడు. ఆ వారం రిలీజ్ లేదు, ఫోన్లు చేసిన వాళ్లందరికీ భోజనానికి రమ్మని పిలుపు మాత్రం అందింది.

డెబియన్‌ని ఆటోమేషన్ వైపు నెట్టింది భద్రత కాదు, చాకిరీ. మెయింటెయినర్లలో ఎక్కువమంది దగ్గర ఇంటెల్ పీసీలు. అమీగా, అటారీ లాంటి మెషిన్లలో ఉండే ఎం68కె ప్రాసెసర్ వాళ్లకీ డెబియన్ కావాలి. ఇంటెల్ మీద వచ్చిన ప్రతి ప్యాకేజీనీ ఎవరో ఒకరు ఆ నత్తనడక మెషిన్ల మీద మళ్లీ కంపైల్ చేయాలి, అదీ ఇద్దరు తెలియక ఒకే ప్యాకేజీ మీద కూర్చోకుండా. ఈ బాధ పడలేక రోమన్ హోడెక్ 90లలో బిల్డ్‌డీ రాశాడు. దానికి తోడు వాన్నా-బిల్డ్ అనే డేటాబేస్ ఏ ప్రాసెసర్‌కి ఏ ప్యాకేజీ బాకీ ఉందో లెక్క రాసుకుంటుంది, బిల్డ్‌డీ అందులోంచి ఒక పని తీసుకుంటుంది, ఎస్‌బిల్డ్ వచ్చి విడిగా ఒక శుభ్రమైన గది లాంటిది తయారుచేసి ఆ ప్యాకేజీ తనకి కావాలని రాసుకున్న లైబ్రరీలు మాత్రమే అందులో పెట్టి కంపైల్ చేస్తుంది. రాయడం మర్చిపోతే బిల్డ్ ఫెయిల్. బిల్డ్‌లో జరిగిందంతా రాసిన లాగ్ మెయిల్‌లో వస్తుంది. చాలా ఏళ్లపాటు ఆ లాగ్‌ని ఒక మనిషి చదివి డిజిటల్ సంతకం చేసి తిప్పి పంపితేనే ప్యాకేజీ సర్వర్‌కి చేరేది.

2002లో వచ్చిన డెబియన్ 3.0కి 11 ఆర్కిటెక్చర్లు, అంటే ప్రాసెసర్ రకాలు. అంతా ఈ మెషిన్ల చలవే. తమాషా ఏంటంటే, ఎవరికీ పట్టని ఎం68కె వాడేవాళ్లకి శుభ్రమైన గదిలో వండిన ప్యాకేజీలు అందుతుంటే, కోట్లలో ఉన్న ఇంటెల్ జనానికి మాత్రం ఇంకా మెయింటెయినర్ ఇంటి వంటే. ఎందుకంటే అప్‌లోడ్ చేసేటప్పుడు ఆయన తను కంపైల్ చేసిన బైనరీని కూడా వెంట పంపేవాడు, దాన్నే వాడేసేవారు.

తయారైన ప్యాకేజీలని భద్రంగా నిల్వ ఉంచే సంగతి కూడా అంతే నెమ్మది. 2003 నవంబరులో ఒక డెవలపర్ పాస్‌వర్డ్ కొట్టేసి డెబియన్ సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారు, అదృష్టం కొద్దీ ప్యాకేజీల జోలికి పోలేదు. దించుకున్నది అసలుదేనా అని, డెబియన్‌లో ప్యాకేజీలు దించి పెట్టే ఏపీటీ తనంతట తాను సంతకం సరిచూసుకోవడం 2007 నాటి ఎచ్ అనే డెబియన్ రిలీజ్‌తో గానీ రాలేదు. సంతకం ఉంటే సరిపోతుందా అంటే, 2008 ఆగస్టులో ఫెడోరాలో దొంగలు దూరింది ఆ సంతకాలు పెట్టే సర్వర్ ఉన్న చోటికే.

ఫెడోరా 2007 నాటికే కోజి అనే సర్వర్ల మీద బిల్డ్ చేయడం మొదలుపెట్టింది. ఉబుంటు లినక్స్‌లో ఎవరైనా తమ ప్యాకేజీలు పంచుకునే పీపీఏలు పుట్టినప్పటి నుంచీ సోర్స్ తప్ప బైనరీ తీసుకోవు. డెబియన్ మాత్రం 2019 జులైలో బస్టర్ అనే వెర్షన్ రిలీజ్ అయ్యాక గానీ, మెయింటెయినర్ ఇంట్లో చేసిన బైనరీలు ఇక టెస్టింగ్‌లోకి, అంటే తర్వాతి రిలీజ్ తయారయ్యే చోటికి, వెళ్లవని తేల్చలేదు. 26 ఏళ్లు! వాలంటీర్ల ప్రాజెక్టు కదా, ఒప్పించడానికే సగం కాలం.

ఈలోగా జావాస్క్రిప్ట్ ప్యాకేజీలుండే ఎన్‌పీఎం, పైథాన్‌వి ఉండే పైపీఐ లాంటి చోట్ల జనం ఈ పాఠాలేవీ పట్టించుకోకుండా ల్యాప్‌టాప్ నుంచి ఒక్క కమాండ్‌తో పబ్లిష్ చేసేసేవారు. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత కోపంతో తీసేస్తే ఎక్కడెక్కడో బిల్డ్‌లు కూలాయి. ఆ తర్వాతే ఎన్‌పీఎం పబ్లిష్ చేసినదాన్ని ఇష్టమొచ్చినప్పుడు తీసేసే వీలు తగ్గించింది. పబ్లిషింగ్ కూడా మెల్లగా, బిల్డ్‌లూ టెస్టులూ తమంతట తామే నడిపే సీఐ సర్వర్లకి మారింది, కానీ తాళంచెవిని, అంటే ఎప్పటికీ గడువు తీరని టోకెన్‌ని, తీసుకెళ్లి అదే సర్వర్‌లో పెట్టారు. ఇంకేం, దొంగలూ అక్కడికే మారారు. 2020 డిసెంబరులో బయటపడ్డ సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కేసులో చెడిపోయింది బిల్డ్ వ్యవస్థే. 2024 డిసెంబరులో అల్ట్రాలిటిక్స్ అనే పైథాన్ ప్యాకేజీకి గిట్‌హబ్ యాక్షన్స్ అనే సీఐ తన దగ్గర దాచుకునే ఫైళ్ల (క్యాష్) ద్వారా విషం ఎక్కించారు, సోర్స్ చూస్తే శుభ్రంగానే ఉంది. పైపీఐ 2023 ఏప్రిల్‌లో తెచ్చిన ట్రస్టెడ్ పబ్లిషింగ్ ఈ తాళంచెవి గొడవకే మందు. దాచుకునే టోకెన్ ఉండదు, సీఐ అడిగినప్పుడు 15 నిమిషాలు పనిచేసేది ఒకటి ఇస్తారు. నా మట్టుకు ఇది పదేళ్ల ముందే రావాల్సింది. అయితే అల్ట్రాలిటిక్స్ మొదటి దాడి నాటికి ఆ ప్రాజెక్టు దీన్ని వాడుతూనే ఉంది. బిల్డ్ మధ్యలోనే విషం కలిస్తే టోకెన్ ఏం చేస్తుంది?

ఇప్పుడు మళ్లీ ఎక్స్‌జెడ్ దగ్గరికి. డెబియన్ బిల్డ్ మెషిన్లు తమ పని తాము సరిగ్గానే చేశాయి. శుభ్రమైన గది, సరైన లైబ్రరీలు, సరైన సంతకం. ఒకే సోర్స్ నుంచి ఎవరు బిల్డ్ చేసినా ఒకే బైనరీ రావాలని 2013 నుంచి రిప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ వాళ్లు పడుతున్న పాట్లు కూడా దీన్ని పట్టలేవు, ఎందుకంటే లోపలికి వెళ్లిన సోర్సే చెడిపోయింది. జియా టాన్ అనే పేరుతో రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించిన వ్యక్తి, దొంగ కోడుని లాగి తెచ్చే బిల్డ్ స్క్రిప్టుని అందరూ కోడు చూసుకునే గిట్‌లో పెట్టలేదు, చేత్తో తయారుచేసి విడుదల చేసిన టార్‌బాల్ అనే సోర్స్ మూటలో మాత్రమే పెట్టాడు. ఆటోటూల్స్ అనే బిల్డ్ పనిముట్లతో చేసే టార్‌బాల్‌లో గిట్‌లో లేని ఫైళ్లు ఉండటం మామూలే కాబట్టి ఎవరూ పోల్చి చూడలేదు. అన్నీ మెషిన్లకి అప్పజెప్పాక ఒక మనిషి తన ఇంట్లో చేసే పని అదొక్కటే మిగిలి ఉంది.

డెవలపర్ గిట్‌లో ట్యాగ్ (ఫలానా వెర్షన్ అని వేసే గుర్తు) మీద సంతకం చేస్తే చాలు, డెబియన్ సోర్స్ ప్యాకేజీని కూడా సర్వరే తయారుచేసే ట్యాగ్‌టుఅప్‌లోడ్ ప్రతిపాదన ఏళ్ల తరబడి వాదనల్లో నలిగి, చివరికి 2024లో ఓటింగ్‌కి వెళ్లి నెగ్గింది. ఎక్స్‌జెడ్ విషయానికొస్తే, వెర్షన్ నంబరు వెనక్కి పోకూడదు కాబట్టి డెబియన్ హడావుడిగా పంపిన పాత కోడు పేరు 5.6.1+రియల్లీ5.4.5.