బంపరు పగిలితే మార్చాలా, అతికించాలా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో కారు బంపరు పగలడానికి పెద్ద ప్రమాదమేమీ జరగనవసరం లేదు. అలిపిరి తనిఖీ కేంద్రం ముందు ఆగి ఆగి కదిలే వరుసలో ముందు బండికి తగలడమో, తిరుమలలో కాటేజీల దగ్గర వెనక్కి తీస్తున్నప్పుడు అద్దంలో కనబడని సిమెంటు దిమ్మెకు ఆనడమో చాలు. రేణిగుంట రోడ్డులో టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు నడుపుతున్న నన్ను ఇలాంటి బండ్లవారు అడిగే మొదటి ప్రశ్న ఎంత ఖర్చవుతుందని. దానికి జవాబు చెప్పాలంటే ముందు కొన్ని నమ్మకాలను పక్కన పెట్టాలి.

అపోహ: పగులు పొడవుగా ఉంటే మార్చక తప్పదు, చిన్నదైతే అతికిస్తే సరిపోతుంది.

వాస్తవం: పగులు ఎంత పొడవుందన్నదానికన్నా ఎక్కడుందన్నదే ముఖ్యం. బంపరు మధ్య భాగంలో జానెడు పొడవున చీలినా, రెండు అంచులూ సరిగ్గా కలుస్తూ ఉంటే, లోపలి నుంచి వెల్డింగ్ చేసి చాలా ఏళ్ళు నడపవచ్చు. అదే ఫెండరు (ముందు చక్రం మీది రేకు) పక్కన క్లిప్పులు పట్టే చెవులు, హెడ్‌లైటు కింద స్క్రూ బిగించే చోట్లు, ఫాగ్ ల్యాంపు చుట్టూ ఉండే సన్నని అంచు విరిగితే, అది చూడటానికి అంగుళం పగులే అయినా బంపరు బరువంతా మిగిలిన క్లిప్పుల మీద పడి, గతుకుల్లో అదిరి అదిరి కొన్నాళ్ళకు ఒక పక్క వేలాడుతుంది. ఒకటి రెండు చెవులు పోతే కొత్తవి మలచి అతికించవచ్చు. ఒకే పక్క అన్నీ పోయి, ముక్కలు కూడా దొరక్కపోతే మార్చడమే చౌక. అందుకే బంపరు విప్పి వెనక వైపు చూడకుండా చెప్పే ధరను ఖాయమని నమ్మకూడదు.

అపోహ: బంపరే బండిని కాపాడుతుంది కాబట్టి అతికించిన బంపరు ప్రమాదకరం.

వాస్తవం: మనకు బయట కనిపించేది సుమారు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. దెబ్బను తీసుకునేది దాని వెనక ఉండే నురుగు దిమ్మె, ఉక్కు బీము. కొన్ని చవక మోడళ్ళలో నురుగు దిమ్మె ఉండదు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 42 ప్రకారం బంపరును పరీక్షించే వేగమే గంటకు 4 కిలోమీటర్లు, మూలల్లో 2.5 కిలోమీటర్లు. కాబట్టి భయపడవలసింది తొడుగుకు వేసిన అతుకు గురించి కాదు, వెనక బీము వంగిందా అన్నదాని గురించి. వంగిన బీము మీద కొత్త బంపరు బిగించి పంపే చోట్లూ ఉన్నాయి. బిగించిన తరువాత బానెట్‌కూ బంపరుకూ మధ్య సందు రెండు పక్కలా సమానంగా లేకపోతే అనుమానించాలి.

అపోహ: ఎం-సీల్ గానీ, ఫెవిక్విక్‌లో వంటసోడా కలిపి గానీ పెడితే పని అయిపోతుంది.

వాస్తవం: వీడియోలలో అది రాయిలా గట్టిపడుతుంది, నిజమే, సమస్య కూడా అదే. ఎక్కువ బంపర్లు పాలీప్రొపిలీన్ (పీపీ) అనే ప్లాస్టిక్‌లో రబ్బరు గుణం గల ఈపీడీఎం కలిపి చేసినవి. ఈ ప్లాస్టిక్ మీద మామూలు జిగురు నిలవదు, పైగా బంపరు ఎండకు సాగి, చలికి ముడుచుకుని, ప్రతి గతుకుకూ వంగుతుంది. వంగని పూత వంగే ప్లాస్టిక్ మీద ఎంతకాలమని పట్టుకుని ఉంటుంది? అదీగాక అలా పూసిన బంపరు మా దగ్గరికి వచ్చినప్పుడు ఆ జిగురంతా గీకి తీయడానికి పట్టే సమయానికి కూడా కూలి పడుతుంది.

సరైన పద్ధతి ఇది. బంపరు లోపలి వైపు ప్లాస్టిక్ రకం అచ్చుపోసి ఉంటుంది. పీపీ, ఈపీడీఎం అక్షరాల పక్కన టీ20 అని ఉంటే అందులో 20 శాతం టాల్కు పొడి కలిపారని అర్థం. చిన్న ముక్కను నీళ్ళలో వేసి, తేలితే పీపీ అని, మునిగితే కాదని తేల్చే పాత పద్ధతి ఇక్కడ మోసం చేస్తుంది, ఎందుకంటే ఆ పొడి బరువుకు పీపీ కూడా మునుగుతుంది. రకం తెలిశాక, పగులు ఇంకా పాకకుండా దాని చివర చిన్న రంధ్రం వేసి, అంచులను లోతుగా చెక్కి, లోపలి వైపు స్టీలు జాలీని ప్లాస్టిక్‌లోకి కరిగించి దించి, అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో గాడి నింపాలి. ఏబీఎస్ అనే వేరే రకం ప్లాస్టిక్ కడ్డీ పీపీతో కలవదు. చల్లారాక గోటితో లాగినా ఊడివస్తుంది. వేడి పిన్నులు దించే యంత్రం వేగంగా పనిచేస్తుంది గానీ, నా ఉద్దేశంలో అది అంచులను పట్టి ఉంచడానికే. పిన్నులు మాత్రమే దించి పైన పుట్టీ రాస్తే కొన్ని నెలలకే పెయింటు మీద గీత తేలుతుంది.

అపోహ: వేడినీళ్ళు పోస్తే సొట్ట పోతుందన్నది వట్టి మాట.

వాస్తవం: ఇది వట్టి మాట కాదు. పగలకుండా లోపలికి నొక్కుకున్న బంపరు మీద మరుగుతున్న నీళ్ళు జాగ్రత్తగా పోసి, మందపాటి చేతితొడుగులతో లోపలి నుంచి తోస్తే చాలాసార్లు యథాస్థితికి వస్తుంది. పెయింటు ముందే చిట్లి ఉంటే మాత్రం ఇంకా రాలుతుంది.

అపోహ: అదే రంగు సెకండ్ హ్యాండ్ బంపరు తెస్తే పెయింటు ఖర్చు మిగులుతుంది.

వాస్తవం: చెన్నైలో పాత విడిభాగాలు అమ్మే పుదుపేట నుంచి తెచ్చిన బంపరు ఒకే కలర్ కోడ్‌దైనా, ఆ బండి ఎండలో వెలిసిన తీరు వేరు, మన బండి వెలిసిన తీరు వేరు. తెలుపు కొంతవరకు కలిసిపోతుంది. వెండి, బూడిద వంటి మెటాలిక్ రంగుల్లో తేడా ఎండలోకి రాగానే బయటపడుతుంది. కాబట్టి సెకండ్ హ్యాండ్ బంపరును చెవులు, క్లిప్పులు బాగున్నందుకు కొనాలి గానీ రంగు కలిసినందుకు కాదు. చిన్న బండ్లలో మొత్తం ఖర్చులో పెయింటుదే తరచు పెద్ద వాటా, అతికించినా మార్చినా అది తప్పదు. ముందుగా ఒక అట్టముక్క మీద కొట్టి, బండి పక్కన ఎండలో పెట్టి చూపమని అడగండి. రంగు వేయని ప్లాస్టిక్ బయటపడిన చోట ప్లాస్టిక్ ప్రైమర్ వేయకపోతే పెయింటు పొరలుగా లేస్తుంది. పార్కింగ్ సెన్సర్లను విప్పకుండా వాటి మీదే మందంగా పెయింటు కొడితే అవి సరిగ్గా పనిచేయవు.

అపోహ: ముందు ఇనుప గార్డు పెట్టిస్తే ఇక బంపరు గొడవే ఉండదు.

వాస్తవం: అలాంటి గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. పైగా ఆ గార్డుకు తగిలిన దెబ్బ నేరుగా ఛాసిస్‌కు చేరుతుంది, ఎయిర్‌బ్యాగు విచ్చుకునే తీరు కూడా దెబ్బతినవచ్చు.

అపోహ: ఇన్సూరెన్స్ ఉన్నప్పుడు జేబులో డబ్బు పెట్టడం దేనికి?

వాస్తవం: లెక్క వేసి చూద్దాం. 1500 సీసీ లోపు కారుకు బంపరు 3,000, బిగింపు కూలి 500, పెయింటు 3,500 రూపాయలు అనుకుందాం. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు తీస్తారు. పెయింటు బిల్లులో నాలుగో వంతును సరుకు కింద లెక్కగట్టి దానిలో సగం తగ్గిస్తారు. ప్రతి క్లెయిమ్‌లోనూ బండి యజమానే భరించే తప్పనిసరి కోత మరో 1,000 పోగా, 7,000 బిల్లుకు సుమారు 4,060 వస్తుంది. వచ్చే రెన్యువల్‌కు మీకు 35 శాతం, ఆపై ఏడాది 45 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) రావలసి ఉండి, ఓన్ డ్యామేజ్ ప్రీమియం (సొంత బండి నష్టానికి కట్టే భాగం) 9,000 ఉంటే, క్లెయిమ్ చేసినందుకు మొదటి ఏడాది 3,150, రెండో ఏడాది బోనస్ 45కు బదులు 20 శాతమే ఉంటుంది గనుక 2,250 రూపాయల తగ్గింపు పోతుంది. అంటే వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువ. తరుగు తీయని జీరో డిప్రిసియేషన్ పాలసీ ఉంటే చేతికి 6,000 వస్తుంది కాబట్టి కాస్త లాభమే, కానీ అలాంటి క్లెయిమ్‌లు ఏడాదికి ఇన్నేనని చాలా పాలసీలలో పరిమితి ఉంటుంది. బీము, లైటు, రేడియేటరు కూడా దెబ్బతింటే మాత్రం సందేహించకుండా క్లెయిమ్ చేయాలి. ఏదైనా బండి విప్పకముందే తేల్చుకోండి, ఎందుకంటే ఇన్సూరెన్స్ సర్వేయరు చూడకముందే పాత బంపరు తీసేస్తే ఆ క్లెయిమ్‌కు చిక్కు వస్తుంది.