ఊరి సమస్య, అభ్యర్థి హామీ: పల్లె ప్రచారంలో అపోహలు, వాస్తవాలు

ఎన్నికలప్పుడు అభ్యర్థికి ఊరూరా సమస్యల ఫైలు తయారుచేసి ఇవ్వడం నా పని. ఎక్కువగా నిజామాబాద్, జగిత్యాల వైపు పల్లెల్లో తిరుగుతాను. ఏ పార్టీకి అని అడగకండి, ఒకటి కంటే ఎక్కువే. ఏ ఊళ్ళో ఏం సమస్య ఉందో రాయడం సులువే, టీ హోటల్ దగ్గర గంట కూర్చుంటే తెలిసిపోతుంది. అది ఎవరి చేతిలో ఉంది, ఎక్కడ ఆగింది అన్నది కనుక్కోవడమే కష్టం. అభ్యర్థులూ ఓటర్లూ పొరపడేది కూడా అక్కడే.

అపోహ: ఊళ్ళో మురికినీటి మోరీ నుంచి మండలం రోడ్డు దాకా అన్నీ ఎమ్మెల్యే చేయాల్సిన పనులే.

ఓటర్ల సంగతి అలా ఉంచండి, చాలామంది అభ్యర్థులే ఇలా నమ్ముతారు. ఊరి లోపలి మోరీలు, వీధి దీపాలు, చెత్త ఎత్తడం పంచాయతీ పని. ఊరి నుంచి బయటికి వెళ్ళే రోడ్డు పంచాయతీరాజ్ శాఖదా, ఆర్ అండ్ బీదా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇంజనీర్లు వేరు, నిధులు వేరు. తప్పు ఆఫీసులో ఇచ్చిన వినతిపత్రం అక్కడే పడి ఉంటుంది.

పంచాయతీకి వచ్చే డబ్బుకూ షరతులుంటాయి. 2026 మార్చి దాకా లెక్కకున్న 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే పెట్టాలన్నది షరతు. ఊరి అవసరాన్ని బట్టి వాడుకోగలిగింది మిగతా 40 శాతమే. తెలంగాణలో 2024 మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసింది, మళ్ళీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. ఎన్నికైన పాలకవర్గం లేకపోవడంతో ఆ గ్రాంటు ఆగింది. అప్పట్లో మోరీల గురించి ఎమ్మెల్యేలను నిలదీసిన ఊళ్ళకు చెప్పాల్సిన జవాబుల్లో ఇదొకటి. అది చెప్పకుండా "చూద్దాం, చేద్దాం" అని కారెక్కినవాళ్ళే ఎక్కువ.

అపోహ: మీటింగులో గట్టిగా వినిపించిందే ఊరి సమస్య.

మీటింగులో గట్టిగా వినిపించేది మైకు దగ్గర నిలబడ్డవాళ్ళ సమస్య. కుల సంఘం భవనం, గుడికి కమాను, యూత్‌కు క్రికెట్ కిట్లు. ఇవి అక్కర్లేదని కాదు, కానీ వీటితోనే లిస్టు నిండిపోతే అభ్యర్థి మోసపోయినట్టే. ఎస్సీ వాడకట్టు నుంచి శ్మశానానికి దారి లేదన్న మాట ఆ వాడకట్టుకు వెళ్తేనే వినబడుతుంది. ఇంటర్ చదివే ఆడపిల్లలకు పొద్దున బస్సు లేదన్న మాట మహిళా సంఘం మీటింగులో వస్తుంది.

మా వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళను అడిగి చూడండి. బీడీ కార్మికులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి రానివాళ్ళు చెప్పేది పీఎఫ్ కటాఫ్ గురించే. ఫలానా తేదీకి ముందు పీఎఫ్‌లో పేరుంటేనే భృతి అన్న నిబంధన వల్ల, పక్కపక్కన కూర్చుని ఒకే పని చేసేవాళ్ళలో ఒకరికి డబ్బు వస్తుంది, ఇంకొకరికి రాదు. ఇది ఎంపీడీఓ చేతిలో లేదు, ఎమ్మెల్యే లెటర్‌హెడ్‌తో తేలదు, రాష్ట్ర ప్రభుత్వం మార్చాల్సిన నిబంధన. "గెలవగానే ఇప్పిస్తా" అనే అభ్యర్థి కంటే, "అసెంబ్లీలో అడుగుతా, జీవో మారితేనే వస్తుంది" అనేవాడి మాట వాళ్ళు ఎక్కువ నమ్ముతారు. ఇది నేను కళ్ళారా చూసిందే.

ఇక వడ్లు. కోతల సీజన్‌లో కొనుగోలు కేంద్రానికి వెళ్ళని అభ్యర్థికి ఊళ్ళో పని లేనట్టే. అక్కడ తరుగు పేరుతో బస్తాకు ఎంత కోస్తున్నారు, లారీ ఎందుకు రాలేదు, మిల్లు దగ్గర ఎందుకు దించుకోవట్లేదు అన్న మూడు ప్రశ్నలు అడిగితే చాలు. లారీ రాకపోతే కేంద్రం నడిపే సంఘాన్ని తిట్టి లాభం లేదు, ఫోన్ చేయాల్సింది జిల్లా సివిల్ సప్లైస్‌కు, అడిషనల్ కలెక్టర్‌కు. తరుగు సంగతి మిల్లు దగ్గర తేలాలి.

అపోహ: రైతులు పోటీ చేస్తే ఓట్లు చీలడం తప్ప ఒరిగేదేమీ లేదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది బరిలో ఉన్నారు. ఫ్లోరైడ్ నీళ్ళ గోడు దేశానికి వినిపించాలని అంతమందిని నిలబెట్టారు, బ్యాలెట్ పేపరు పుస్తకంలా తయారైంది. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచారు. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. ఇప్పుడు డిపాజిట్ 25 వేలు.

అయినా 2019లో నిజామాబాద్‌లో 185 మంది నిలబడ్డారు. అందులో దాదాపు 180 మంది పసుపు, ఎర్రజొన్న రైతులే. నోటాతో కలిపి 186 పేర్లు. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లే పడతాయి కాబట్టి ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు వరసగా పేర్చాల్సి వచ్చింది. రైతుల్లో ఎవరూ గెలవలేదు. కానీ పెద్ద పార్టీల అభ్యర్థులు పసుపు గురించి మాట్లాడకుండా ఆర్మూర్, బాల్కొండ, కోరుట్ల ఊళ్ళలో తిరగలేని పరిస్థితి వచ్చింది. బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ రాసిచ్చారు, సిట్టింగ్ ఎంపీ కవిత మీద గెలిచారు. గెలిచిన 5 రోజుల్లో తెస్తానన్న బోర్డును 2023 అక్టోబరులో పాలమూరు సభలో ప్రధాని ప్రకటించారు. అది మొదలైంది 2025 సంక్రాంతికి. హెడ్డాఫీసు నిజామాబాద్‌లోనే పెట్టారు.

అపోహ: బోర్డు వచ్చింది కాబట్టి ధర వచ్చినట్టే.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే. రైతులు అడిగింది రెండు. ఒకటి బోర్డు, రెండు గిట్టుబాటు ధర. 2019లో పసుపుకు క్వింటాకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 కావాలన్నారు. హామీల్లో మొదటిది బాగా వినిపించింది, రెండోది పక్కకు పోయింది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పసుపు లేదు. బోర్డు ఉన్నది వాణిజ్య శాఖ కింద. దాని పని నాణ్యత, పరిశోధన, ఎగుమతులు, కొత్త ఉత్పత్తుల చుట్టూ ఉంటుంది. మార్కెట్ యార్డులో రేటు పడిపోయిన రోజు వచ్చి కొనే సంస్థ కాదది. దానివల్ల మేలు లేదని నేను అనట్లేదు, మేలు జరిగినా మెల్లగా జరుగుతుంది.

ఎర్రజొన్న కథ వేరు. నిజామాబాద్ వైపు దాన్ని తిండికి పండించరు, పశుగ్రాసం విత్తనంగా ఉత్తరాదికి పంపుతారు. సీడ్ వ్యాపారి ముందు ఒప్పుకున్న రేటుకు కొంటాడు, లేదా కొనడు. కాబట్టి "జొన్నకు మద్దతు ధర ఉంది కదా" అన్న అభ్యర్థిని చూసి రైతులు నవ్వుతారు. అక్కడ అడగాల్సింది వ్యాపారి ఒప్పందం రాతపూర్వకంగా ఉందా, అది తప్పితే ఎవరు జవాబుదారీ అని.

అపోహ: బాండ్ పేపర్ మీద రాసిస్తే కోర్టుకు ఈడ్చవచ్చు.

ఈడ్చినా నిలబడదు. మేనిఫెస్టో హామీలు ఎన్నికల చట్టంలోని అవినీతి పద్ధతుల కిందికి రావని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. స్టాంపు పేపరు మీద రాసినంత మాత్రాన హామీ కాంట్రాక్టు అయిపోదు. దానికి ఉన్న విలువ వేరు. నిజామాబాద్ బాండ్‌ను ప్రత్యర్థులు నాలుగేళ్ళ పాటు ప్రతి మీటింగులో చదివి వినిపించారు. సర్పంచ్ ఎన్నికల్లోనూ ఇప్పుడు బాండ్లు మామూలైపోయాయి. మొదటి హామీ తరచుగా కోతుల బెడదే. పట్టించి వదిలేస్తే అవి పక్క ఊరి మీద పడతాయి, లేదా తిరిగొస్తాయి. కోతుల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో కేంద్రం పెట్టారు. ఒక సర్పంచ్ సంతకంతో తీరే బెడద కాదిది.

అపోహ: ఎన్నికల కోడ్ వస్తే అన్ని పనులూ ఆగాల్సిందే.

కొత్త పనులు మంజూరు చేయకూడదు, శంకుస్థాపనలు వద్దు. మొదలైన పని ఆపమని ఎవరూ చెప్పరు. కాంట్రాక్టర్ కోడ్ వంక చెబితే పని మొదలైన తేదీ చూపించమనండి.

అపోహ: గెలిస్తేనే సమస్య మీద పని చేయగలం.

ఓడినవాళ్ళు ఎక్కువగా చెప్పే మాట ఇది. తెలంగాణ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. జరగకపోతే అడిగే హక్కు ఆ ఊరి ఓటరుకు ఉంది, ఓడిన అభ్యర్థీ ఎక్కడో ఒకచోట ఓటరే కదా. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇవ్వడానికి పదవి అక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తుకు పంచాయతీలో ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబు 30 రోజుల్లో రావాలి. నేను ఫైలు తయారుచేసే ప్రతి అభ్యర్థితోనూ ముందు ఒక దరఖాస్తు పెట్టిస్తాను, ఎన్నికలకు ఏడాది ముందే: గత మూడేళ్ళలో ఈ పంచాయతీకి ఏ పద్దు కింద ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది? ఆ కాగితం చేతిలో ఉన్న అభ్యర్థిని రచ్చబండ దగ్గర మోరీ గురించి అడిగితే కథలు చెప్పడు, పద్దు చదువుతాడు.