కోర్టీనా డంపెజ్జో: బుక్ చేసుకునే ముందు అపోహలు - వాస్తవాలు

ఇటలీ టూర్లు ప్లాన్ చేయడం నా పని. ఉత్తరాన డోలమైట్ పర్వతాల మధ్య ఉన్న కోర్టీనా పేరెత్తితే చాలు, ఈ మాటలే వినిపిస్తాయి.

అపోహ: అది స్కీయింగ్ చేసేవాళ్ల ఊరు, మనకేం పని?

1956 వింటర్ ఒలింపిక్స్ ఇక్కడే జరిగాయి. 2026 ఒలింపిక్స్‌కీ మిలాన్‌తో పాటు ఇదే వేదిక. అందుకే ఆ పేరు పడిపోయింది. స్కీయింగ్ రానివాళ్లను నేను జూన్ చివరి నుంచి సెప్టెంబరు లోపు వెళ్లమంటాను. మే, నవంబరు నెలల్లో రేట్లు తక్కువని ఆశపడకండి. అప్పుడు చాలా హోటళ్లు, రోప్‌వేలు మూసేసి ఉంటాయి.

అపోహ: కొండలే తప్ప చరిత్ర లేదు.

ఈ మాట వింటే నిజంగా బాధేస్తుంది. నెపోలియన్ కాలాన్ని పక్కన పెడితే, 16వ శతాబ్దం మొదట్నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఈ ఊరు ఆస్ట్రియా పాలకుల కింద ఉంది. 1915 మేలో ఇటలీ యుద్ధంలోకి దిగగానే ఊరు ఇటలీ సైన్యం చేతికొచ్చింది, పోరు శిఖరాల మీదికెక్కింది. ఫాల్జారెగో కనుమ దగ్గర రోప్‌వే ఎక్కితే సుమారు 2,750 మీటర్ల ఎత్తున లగజువోయ్ మీద దిగుతారు. ఆ కొండను రెండు సైన్యాలూ లోపల్నుంచి తొలిచి, మందుపాతర్లు పెట్టి పేల్చాయి. ఇటలీ సైనికులు తవ్విన సొరంగంలో ఇప్పటికీ నడవచ్చు. చీకటి, తడి మెట్లు, నిటారు దిగుడు. హెల్మెట్, తలకు పెట్టుకునే లైటు ఉండాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు చింక్వె తోర్రి అనే రాతి శిఖరాల దగ్గరికి చెయిర్‌లిఫ్ట్‌లో వెళ్లడం మేలు, అక్కడా యుద్ధకాలపు కందకాలున్నాయి.

అపోహ: వెనిస్ నుంచి రైల్లో పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

ఊరికి రైలే లేదు. 1964లో లైను మూసేశారు, ఆ దారే ఇప్పుడు సైకిల్ ట్రాక్. వెనిస్ నుంచి బస్సులో రెండు గంటల పైనే పడుతుంది. పొద్దుగూకే వేళ కొండల రాతి గోడలు గులాబీ రంగుకు తిరిగేది చూడాలంటే ఒక్క రాత్రయినా ఉండాలి.

అపోహ: వెజిటేరియన్లు పస్తులే.

కజున్‌జియెయ్ అని అడగండి. బీట్‌రూట్ ముద్ద లోపల పెట్టి, కజ్జికాయలా మడిచి ఉడికిస్తారు. పైన కరిగిన వెన్న, గసగసాలు, తురిమిన చీజ్. పిండిలో మామూలుగా గుడ్డు కలుపుతారు. గుడ్డు తిననివాళ్లు ఆర్డర్ ఇచ్చే ముందే అడిగి తెలుసుకోండి.