ఆ మొక్క ఎప్పుడు పెద్దదవుతుంది?

గుంటూరు, బ్రాడీపేట
ఆరుద్ర కార్తె

చిరంజీవులు బుజ్జికీ, చిన్నాకీ తాతయ్య ఆశీస్సులు.

మీరు మనాలి నుంచి పంపిన ఫొటోలన్నీ నేనూ మీ నాయనమ్మా కూర్చుని చూశాం. మీ నాన్న మంచులో జారిపడ్డ ఫొటో దగ్గర ఆవిడ చాలాసేపు ఆగిపోయింది. నేను ఆగింది బుజ్జి తీసిన చిన్న మొక్క దగ్గర. రోహ్‌తంగ్ కనుమలో రెండు రాళ్ల సందున, అరచేతిలో సగం కూడా లేదు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీశావు చూడు, ఎంత మంచి పని చేశావమ్మా! ఆ పువ్వు రూపాయిలో పావు వంతే ఉందని లేకపోతే నాకెలా తెలిసేది?

కింద నువ్వు రాసిన ప్రశ్న: "తాతయ్యా, ఈ మొక్క ఎప్పుడు పెద్దదవుతుంది? మన డాబా మీద పెంచొచ్చా?" ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేయడానికి మనసు ఒప్పలేదు. అందుకే ఈ ఉత్తరం.

బుజ్జీ, అది పెద్ద మొక్కే. అంతకంటే పెద్దగా పెరగదు. అలాంటి ఎత్తు కొండల మీద కొన్ని మొక్కలు రాళ్లకు అతుక్కుని గుండ్రటి దిండులా ఒత్తుగా పెరుగుతాయి. వాటిలో వందేళ్లు దాటినవి కూడా ఉంటాయట. నీ బూటు పక్కనున్నది వయసులో నాకంటే పెద్దదేమో! నువ్వు తొక్కకుండా పక్కకు జరిగావు, నాకు అదే సంతోషం.

మరి ఎందుకంత చిన్నగా ఉంటుంది? రోహ్‌తంగ్ ఎత్తు దాదాపు 3,980 మీటర్లు. కిలోమీటరు పైకి పోతే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఆ లెక్కన బెజవాడలో 42 ఉన్న రోజు అక్కడ 16 ఉంటుంది. చలికాలం సంగతి ఇక చెప్పక్కర్లేదు. అందుకే కొంత ఎత్తు దాటాక చెట్లు ఆగిపోతాయి. ఆ పైన ఈ చిన్నవాటిదే రాజ్యం.

మీకు అర్థం కావాలంటే మీ నాయనమ్మ ఆవకాయ పెట్టడం గుర్తు తెచ్చుకోండి. మంచి కాయ దొరికేది కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లోనే కాయలు తేవాలి, కడిగి తుడవాలి, ముక్కలు కొట్టించాలి, ఆవపిండీ కారం కలపాలి, నూనె పోయాలి. ఆ జాడీయే ఏడాదంతా మనల్ని కాపాడుతుంది. కొండ మొక్కకు మంచు కరిగాక దొరికేది రెండు మూడు నెలలు. ఆలోపే ఆకు వెయ్యాలి, పూయాలి, గింజ కట్టాలి. మిగతా తొమ్మిది నెలలకు సరిపడా తిండి వేరులో దాచుకోవాలి. వేరే దాని జాడీ. మనకు పైన కనిపించేది మూత మాత్రమే. జాడీ అంతా రాళ్ల సందుల్లో లోతుగా దిగి ఉంటుంది. పైన బెత్తెడు కూడా లేని మొక్కకు కింద వేరు అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది.

జాడీకి మూత పెట్టి పాతబట్టతో వాసెన కడతాం కదా, కొండ మొక్కకు ఆ వాసెన మంచే. మంచు కింద చచ్చేంత చలి అనుకుంటాం. బయట గాలి సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి పడిపోయినా, దట్టంగా పరుచుకున్న మంచు కింద నేల సున్నా దగ్గరదగ్గరే ఉంటుంది. దుప్పటి కప్పుకున్నట్టు పడుకుంటుందన్నమాట. కొన్ని మొక్కలైతే వచ్చే ఏడాది పూయాల్సిన మొగ్గల్ని ఈ ఏడాదే కట్టి ఉంచుకుంటాయి. మంచు కరగడమే ఆలస్యం, విచ్చుకుంటాయి. మీ నాయనమ్మ కూడా మాఘంలోనే కారం కొట్టించి ఉంచుకుంటుంది.

చిన్నా, నీకో పని. గాలి గట్టిగా వీచే సాయంత్రం డాబా మీద కాసేపు నిలబడు. తర్వాత బోర్లా పడుకో. గాలి ఎక్కడికి పోయిందో చూడు. కింద నేల వెచ్చగా ఉంటుంది, చెవుల్లో ఆ హోరు ఉండదు. పొట్టిగా ఉండటంలో సుఖం నీకే తెలుస్తుంది.

ఇక డాబా మీద పెంచే సంగతి. పెంచలేమమ్మా. మొక్క పగలు వండుకున్న తిండిని రాత్రి ఊపిరి తీసుకుంటూ కొంత ఖర్చు చేస్తుంది. వేడి పెరిగేకొద్దీ ఆ ఖర్చూ పెరుగుతుంది. మే నెల బెజవాడలో అర్ధరాత్రి కూడా 30 డిగ్రీలుంటే పాపం అది రోజూ జాడీ తీసి తినడమే. వేసేది తక్కువ, తీసేది ఎక్కువ. ఇంకొకటి తడి. జాడీలో తడి గరిటె పెడితే మీ నాయనమ్మ ఎలా కేకలేస్తుందో తెలుసుగా. ఈ మొక్కల మొదలు దగ్గర నీళ్లు నిలిచినా అంతే, కుళ్లిపోతాయి. మన వానాకాలపు ఉక్కలో ఎక్కువ రోజులు నిలవవు.

లండన్‌లో క్యూ గార్డెన్స్ అనే పెద్ద తోట ఉంది. అక్కడి వాళ్లు ఈ కొండ మొక్కల కోసం 2006లో ఒక గాజు ఇల్లు కట్టారు. దాని కింద నేలలో కాంక్రీటుతో మెలికలు తిరిగే దారులు పెట్టి, గాలిని అందులోంచి పంపి చల్లబరిచి పైకి వదులుతారు. వేడిగాలి కప్పులోంచి బయటికి పోతుంది. చెదపురుగులు పుట్టలో గాలి ఆడేలా చేసుకునే పద్ధతే అది. నాగుల చవితికి మనం పాలు పోసే పుట్ట ఎంత తెలివిగా కట్టిన ఇల్లో చూశారా!

నేనూ మీ వయసులో ఒక కొండ మొక్కను ఇంటికి తెచ్చాను. మా అమ్మమ్మ వాళ్లది కొండవీడు దగ్గర పల్లె. శ్రావణంలో గేదెల వెంట పిల్లలందరం కొండెక్కేవాళ్లం. రెడ్డిరాజుల కోట గోడలూ బురుజులూ అన్నీ చూపిస్తానని మా మామయ్య తీసుకెళ్తే, నా కళ్లు మాత్రం బండ పగులులో ఉన్న విష్ణుక్రాంతం మీద పడ్డాయి. నేలకు పరుచుకుని, ఆకుల నిండా తెల్లటి మెత్తని నూగు. మధ్యలో చొక్కా గుండీ కంటే చిన్న నీలం పువ్వు. అంత నీలం నేనెప్పుడూ చూడలేదు. పట్టుకుని లాగితే రాలేదు. రెండు చేతులా లాగితే చిన్న ముక్క తెగి వచ్చింది. కొబ్బరి చిప్పలో మట్టి పోసి నాటి, ప్రేమ కొద్దీ పూటకు నాలుగు సార్లు నీళ్లు పోశాను. నాలుగో రోజుకు నల్లబడింది. నేను ఏడుస్తుంటే అమ్మమ్మ చిప్ప ఎత్తి చూసి, "వేరు కొండలోనే వదిలేసి వచ్చావు కదరా" అంది. అరవై ఏళ్లు దాటినా ఆ మాట మర్చిపోలేదు. కొండ మీది మొక్కను పెరికి తెచ్చుకోకూడదు నాన్నా. బుజ్జి చేసినట్టు రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసుకోవాలి.

అన్నట్టు, మీ కింది ఫ్లాటు ఆంటీ రాత్రిపూట పూసిందని అందర్నీ పిలిచి చూపించే బ్రహ్మకమలం ఉంది చూడు, అది మెక్సికో వైపు నుంచి వచ్చిన ఒక రకం కాక్టస్. అందమైన పువ్వే, ఆవిడతో ఏమీ అనకండి. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో 4,000 మీటర్ల దరిదాపుల్లో పూస్తుంది. ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం అదే. లోపలి పూలకు చలి తగలకుండా పల్చటి లేత రంగు పొరలు డొప్పలా కప్పి ఉంటాయి.

మన ఎండకు తట్టుకునే చిన్న మొక్కలు మనకూ ఉన్నాయి. ఇంగ్లండులో పశువులకు నీళ్లు పెట్టిన పాత రాతి తొట్లలో కొండ మొక్కలు పెంచుతారు. మన పెరట్లో కుడితి తొట్టి ఖాళీగానే ఉంది కదా. అడుగున బెజ్జం పెట్టించాను. పెంకు ముక్కలు పరిచి, ముతక ఇసుకా మట్టీ సగం సగం కలిపి పోసి, పైన ఇల్లు కట్టే చోట దొరికే సన్న చిప్స్ పరిచాను. మొక్క మెడకు తడి తగలకూడదని. రెండు మూడు రాళ్లు సగం పాతి పెట్టాను. మీరు కూడా డాబా మీద వెడల్పాటి మట్టి మూకుడులో ఇలాగే చెయ్యండి. మూకుడు చిన్నది కాబట్టి మట్టి ఎండాకే నీళ్లు పొయ్యండి.

అందులో నాచుపూలు వెయ్యండి. నర్సరీలో టేబుల్ రోజ్ అంటారు. అదీ దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే, కానీ మన ఎండ దానికి పండగ. ముద్ద పువ్వు వద్దు, ఒక్క వరస రేకలున్నది అడగండి, దానికే కాయలు బాగా పడతాయి. ఎండెక్కాక విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది.

పువ్వు వాడిపోయిందని గిల్లేయకండి. కొన్నాళ్లకు అక్కడ మిరియపు గింజంత కాయ కనిపిస్తుంది. అది ఎండు రంగుకు తిరిగాక భూతద్దం పెట్టి చూడండి. నడుము చుట్టూ సన్నటి గీత ఉంటుంది. గోటితో తాకితే పైభాగం మూతలా ఊడి వస్తుంది. కింద చిన్న జాడీ, దాని నిండా ఆవగింజ కంటే ఎంతో చిన్న గింజలు. మార్కెట్లో కట్టలు కట్టి అమ్మే గంగపాయల కూరకు కూడా ఇలాంటి కాయే. ఊపిరి బిగబట్టి తియ్యండి, లేకపోతే ఎగిరిపోతాయి. ఒక్కో జాడీలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ
తాతయ్య